రోహిణి కార్తెలో రోహిణి ఎక్కడుంటుంది?

మే నెలాఖరు వచ్చిందంటే మన దగ్గర ఎవరిని కదిపినా రోహిణి కార్తె మాటే. రోళ్ళు పగిలే ఎండలంటూ పేపర్లు, టీవీలు, ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులు అన్నిట్లో ఒకటే గోల. జూన్ 7నో 8నో మృగశిర కార్తె వస్తుంది, ఆ రోజు చేపల మార్కెట్లో కాలు పెట్టడానికి చోటుండదు, హైదరాబాద్ నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో చేప ప్రసాదం కోసం బారులు తీరతారు. ఇంకో రెండు వారాలకు ఆరుద్ర, చేలల్లో ఎర్రటి ఆరుద్ర పురుగులు. నోట్లో ఇంతగా నానే పేర్లు కదా, సరే ఆకాశంలో రోహిణి ఏదో చూపించు అంటే చాలామంది తెల్లమొహం వేస్తారు.

తమాషా ఏంటంటే, రోహిణి కార్తెలో రోహిణి కనబడదు. కార్తె అంటేనే సూర్యుడు ఆ నక్షత్రం పక్కన ఉన్న రోజులు. ఏడాదిని 27 నక్షత్రాలకు పంచితే ఒక్కోదానికి దాదాపు పదమూడున్నర రోజులు వస్తాయి, అదే కార్తె. సూర్యుడు అక్కడే ఉన్నాడు కాబట్టి ఆ నక్షత్రం పొద్దున ఆయనతో పాటే పైకొచ్చి సాయంత్రం ఆయనతోనే దిగిపోతుంది, ఆ వెలుగులో మన కంటికి ఆనదు. ముహూర్తం పట్టపగలున్నా పంతులుగారు వేలు చూపించి అరుంధతిని చూడండి అంటే కొత్త దంపతులు తలూపడం లేదూ, ఇదీ అలాంటిదే. ఆర్నెల్లు ఆగితే సూర్యుడు అటువైపుకి వెళ్ళిపోతాడు, ఇవన్నీ రాత్రి ఆకాశంలోకి వస్తాయి. మార్గశిర మాసం పేరు కూడా ఇందులోంచి వచ్చిందే, ఆ నెల పౌర్ణమికి చంద్రుడు మృగశిర దగ్గర ఉంటాడు. అంటే ఒకే నక్షత్రం పేరు వేసవిలో సూర్యుణ్ణి బట్టి కార్తెకి పెట్టారు, చలికాలంలో చంద్రుణ్ణి బట్టి నెలకి పెట్టారు.

కాబట్టి చూడాలంటే డిసెంబర్, జనవరి. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకి డాబా ఎక్కి తూర్పుకి తిరగండి. ఒకే వరసలో, సమానంగా ఎడం పెట్టినట్టు మూడు చుక్కలు కనిపిస్తాయి. హైదరాబాద్ వీధి దీపాల వెలుగులో కూడా ఇవి దొరుకుతాయి, అందుకే కొత్తవాళ్ళు ఎక్కడ మొదలెట్టాలని అడిగితే నేను సప్తర్షుల పేరు చెప్పను, ఈ మూడింటినే చెప్తాను. ఇంగ్లీషు పుస్తకాల్లో ఇది ఒరాయన్ అనే వేటగాడి నడికట్టు. వాటి చుట్టూ పెద్ద చతురస్రంలా నాలుగు చుక్కలుంటాయి, అందులో ఒక మూల ఎర్రగా ఉన్నది ఆర్ద్ర, అంటే బీటెల్‌జ్యూస్, మన ఆరుద్ర కార్తెది. దానికి ఎదురు మూల నీలం తెలుపులో మెరిసేది రైజెల్. రెండింటినీ మార్చి మార్చి చూడండి, నక్షత్రాలకి రంగులుంటాయని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆర్ద్ర వైపున, రెండు భుజాల మధ్య కాస్త పైన, మూడు చిన్న చుక్కలు గుంపుగా ఉంటాయి, అదే మృగశిర. ఊళ్ళో వెలుతురు ఎక్కువుంటే ఇది మాత్రం కష్టం.

గ్రీకులకి వేటగాడు కనిపించిన చోట మనవాళ్ళకి లేడి కనిపించింది. ప్రజాపతి లేడి రూపంలో రోహిణి వెంట పడితే రుద్రుడు బాణం వేశాడని వేదకాలం నాటి కథ. ఇప్పుడు నడికట్టులోని మూడు చుక్కల మీదుగా గీత పొడిగించండి. ఒకవైపు వెళ్తే ఎర్రటి రోహిణి తగులుతుంది, రెండోవైపు వెళ్తే రాత్రి ఆకాశంలో నక్షత్రాలన్నిటికన్నా కాంతిగా కనిపించే సిరియస్, దాన్నే మనవాళ్ళు మృగవ్యాధుడన్నారు, అంటే లేడిని వేటాడేవాడు. మధ్యలో ఉన్న మూడు చుక్కలూ లేడి ఒంట్లో దిగిన బాణం. కథంతా ఒక గీత మీద ఉంది! ఎవరు అల్లారో గానీ ఇది గుర్తుంచుకుంటే మ్యాప్ యాప్ అవసరం లేదు. రోహిణి దాటి అదే వైపు ఇంకాస్త వెళ్తే కృత్తికల గుంపు, పల్లెల్లో పిల్లలకోడి అనేది దాన్నే.

ఇవన్నీ పక్కపక్కన కనిపిస్తాయి గానీ ఒకదానికొకటి సంబంధమే లేదు. కాంతి ఏడాదిలో వెళ్ళే దూరాన్ని కాంతి సంవత్సరం అంటారు. ఆ లెక్కన సిరియస్ 8.6 కాంతి సంవత్సరాల దూరం, రోహిణి 65, కృత్తికలు 440 దాకా, రైజెల్ 860 ప్రాంతం. ఆర్ద్ర దూరం మీద ఇంకా లెక్కలు తేలలేదు, 500 నుంచి 700 మధ్య చెప్తారు, అంటే ఇవాళ మన కంట్లో పడే దాని వెలుగు విజయనగర రాజుల కాలంలో ఎప్పుడో బయల్దేరింది.

నడికట్టు మూడు చుక్కల కింద సన్నగా వేలాడినట్టు ఇంకొన్ని ఉంటాయి. వాటి మధ్యది మసగ్గా కనిపిస్తుంది, బైనాక్యులర్స్ పెడితే పొగలాంటి మరక. అది ఒరాయన్ నెబ్యులా, 1,300 కాంతి సంవత్సరాల పైచిలుకు దూరంలో కొత్త నక్షత్రాలు పుడుతున్న వాయు మేఘం. తిన్నగా చూడకుండా కొంచెం పక్కకి చూడండి, బాగా కనిపిస్తుంది, మసక వెలుతురుని పట్టుకునే కణాలు కంట్లో నడిమధ్య ఉండవు, చుట్టుపక్కల ఉంటాయి.

నాకు అన్నిట్లోకీ ఆర్ద్ర ఇష్టం. దాన్ని తెచ్చి సూర్యుడి స్థానంలో పెడితే భూమినీ, అంగారకుణ్ణీ కూడా మింగేసే సైజు. 2019 చివర్లో ఇది మసకబారడం మొదలెట్టి 2020 ఫిబ్రవరికల్లా మామూలు కాంతిలో సగం కూడా లేకుండా పోయింది. మామూలు కళ్ళకే తేడా తెలిసింది, ఇక పేలిపోతుందని నెట్‌లో ఒకటే హడావుడి. తీరా చూస్తే అది విసిరేసిన పదార్థం చల్లబడి ధూళిగా మారి ముందు అడ్డుపడిందట. ఏప్రిల్‌కి మళ్ళీ మామూలే. పేలడం మాత్రం ఖాయం, రేపైనా కావచ్చు, లక్ష ఏళ్ళకైనా కావచ్చు. పేలితే అర్ధచంద్రుడంత వెలుగుతో వారాల తరబడి పగలు కూడా కనిపిస్తుందని అంచనా. వెలుగు కన్నా ముందే న్యూట్రినోలనే అతిసూక్ష్మ కణాలు వచ్చేస్తాయి కాబట్టి వాటిని పసిగట్టడానికి జపాన్‌లో భూగర్భంలో పెట్టిన సూపర్ కామియోకాండే లాంటి చోట్ల ఆ కబురు ముందే తెలుస్తుంది. నా గోల ఒక్కటే, అది జూన్‌లో మాత్రం జరక్కూడదు. అప్పుడు సూర్యుడు పక్కనే, పైన రుతుపవనాల మబ్బులు, చూద్దామన్నా చుక్క కనపడదు. ఏ జనవరిలోనో పేలితే డాబా మీద చాప వేసుక్కూర్చోవచ్చు.