వరికుంటపాడు దారిలో రెండు గంటలు

ఉదయగిరి కోట గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. కృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్న ఆ కోటను నేను ఒక్క పూటలో ఎక్కి, మోకాళ్లు పట్టుకుని దిగివచ్చాను. అసలు కోట చూడటం నా ముచ్చటే కానీ, మేము బయలుదేరింది అందుకు కాదు. మా బావ పామూరు దగ్గర ఇరవై ఎకరాల బీడు కొని జామాయిల్ వేయాలనుకుంటున్నాడు. ఆ భూమి చూడటానికి తోడు రమ్మని అక్క పోరగా, సంక్రాంతి వెళ్లిన వారానికి నేనూ సంచి సర్దుకున్నాను.

దుత్తలూరులో పామూరు బస్సు మా కళ్లముందే వెళ్లిపోయింది. ఇక షేర్ ఆటోయే దిక్కు. నిరుడు ఇదే దూరానికి యాభై రూపాయలు ఇచ్చిన గుర్తు; ఇప్పుడు మనిషికి వంద అన్నాడు, అదీ పన్నెండు మంది నిండేదాకా కదలనన్నాడు. వరికుంటపాడు ఇంకా కొన్ని కిలోమీటర్లు ఉందనగా వెనక చక్రం పంచరైంది, తీరా చూస్తే స్టెప్నీలోనూ గాలి లేదు. తక్కిన వాళ్లు వచ్చిన బండినల్లా ఆపి ఎక్కి వెళ్లిపోయారు. ఆటో అతను చక్రం ఊడదీసి, ఎవరిదో మోటారు సైకిలు వెనక కూర్చుని, అరగంటలో వస్తానని వెళ్లి రెండు గంటలకు వచ్చాడు. కోట కంటే, చూడవచ్చిన భూమి కంటే, నాకు మిగిలింది ఆ రెండు గంటలే.

రోడ్డుకు పడమర పక్క అంతా గడ్డి. ఈశాన్య రుతుపవనపు వానలకు పెరిగి, పుష్యమాసపు ఎండకు పండి, మోకాలెత్తున గోధుమరంగు తిరిగి, గాలి వచ్చినప్పుడల్లా ఒక పక్కకు ఒరుగుతోంది. మధ్యమధ్య ఒక తెల్లతుమ్మ, ఒక రేగుపొద, ఎర్రనేల పైకి తేలిన గుండ్లు. "ఇంత భూమి ఊరికే పడి ఉంది చూడు బామ్మర్దీ" అన్నాడు బావ. నాకూ అలాగే అనిపించింది, ఆ సంగతి ఒప్పుకోవాలి. డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.ఎస్.ఎస్. క్యాంపు పేరుతో ఇలాంటి బీడులోనే మేము వారం రోజులు గుంతలు తీసి కానుగ మొక్కలు నాటాము. అవి ఎండిపోతే ఊరివాళ్లు నీళ్లు పోయలేదని తిట్టుకున్నామే కానీ, ఆ నేల చెట్టు కోసం ఎదురుచూస్తోందా లేదా అని ఎవరమూ అడగలేదు.

అప్పుడు గడ్డిలోంచి గొర్రెలు వచ్చాయి. ఎనభై దాకా ఉంటాయి. ఎత్తయిన కాళ్లు, ఉన్ని లేని తెల్లటి ఒళ్లు, కళ్ల చుట్టూ మూతి చుట్టూ కాటుక దిద్దినట్టు నలుపు. నెల్లూరు గొర్రెల్లో జోడిపి రకం అంటే ఇదే. వాటి వెనక దోటి భుజాన వేసుకుని డెబ్బై ఏళ్ల కాపరి.

"ఏం నాయనా, బండి చెడిందా?"

"పంచరు, పెద్దాయనా."

ఆయన నా ప్యాంటు వైపు చూసి నవ్వాడు. మూత్రానికని పది అడుగులు గడ్డిలోకి వెళ్లివచ్చినందుకు మోకాళ్ల దాకా సూదుల్లాంటి గింజలు గుచ్చుకుని ఉన్నాయి. ఒకటి పీకి తన అరచేతిలో పెట్టుకున్నాడు. మొన వాడిగా, దాని వెనక నల్లటి పొడవాటి తోక తాడు పేనినట్టు మెలిపడి ఉంది. నా సీసాలోంచి ఒక చుక్క నీరు పోయించుకుని "చూడు" అన్నాడు. క్షణం సేపు ఏమీ కాలేదు. ఆ తర్వాత తోక కదిలింది. గడియారం ముల్లులా నింపాదిగా, పేనిన మెలి విప్పుకుంటూ అరచేతిలో తిరిగింది. తడికి మెలి వీడుతుంది, ఎండకు మళ్లీ పడుతుంది. మంచుకూ ఎండకూ అలా తిరుగుతూ తిరుగుతూ మొన నేలలోకి దిగిపోతుంది.

"దీన్ని ఎవురూ నాటబళ్లేదు నాయనా, అదే నాటుకుంటాది. పూతకు రాకముందే మేపుకోవాల. ఇప్పుడు గొర్రె నోరు పెట్టదు, తోలుకు గుచ్చుకుంటాది. కింద గరిక ఉండాది, అది మేస్తాయి."

బావ జామాయిల్ ప్రస్తావన తెచ్చాడు. ఆయన కోప్పడలేదు. దోటితో ఉత్తరం వైపు చూపించాడు. అక్కడ వరుసలు తీర్చిన తోట, దాని కింద ఎండుటాకులు తప్ప పచ్చపోచ లేదు. "దాంట్లో గొర్రెలు ఒక్క పూట కూడా నిలవవు" అన్నాడు. తర్వాత తూర్పున గ్రావెల్ తవ్వుకుపోయిన గుంతలు చూపించాడు. దక్షిణాన చిల్లకంప గోడలా అల్లుకుని ఉంది. వంటచెరకుకు పనికొస్తుందని 1870లలో మన పక్క కడప జిల్లాలో నాటించిన ఆ పరదేశపు చెట్టు ఎక్కడిదాకా వచ్చిందో ఆ దారిలో వెళ్లేవాళ్లందరికీ తెలుసు. ఆ విషయంలో ఆయన చెప్పిన మాట నేను ఏ పుస్తకంలోనూ అంత నిజాయితీగా చూడలేదు: "దాని కాయ తీపి. గొర్రె తింటాది, పెంటికల్లో యిత్తనం యాడబడితే ఆడ ఏస్తాది. తప్పు మాదీ ఉండాది."

హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వేసిన బంజరు భూముల అట్లాసులో పొదల నేలలు కూడా బంజరు కిందే లెక్క. పన్ను రాని నేలను వృథా భూమి అని రాసిపెట్టిన దొరల కాలపు అలవాటు అది. ఒకసారి బంజరు అని రాశాక దాన్ని దేనికి ఇచ్చినా అడిగేవాడు ఉండడు. సోలారు పలకలకు ఇవ్వవచ్చు, ఫ్యాక్టరీకి ఇవ్వవచ్చు, చివరికి పచ్చదనం పేరుతో చెట్లూ నాటవచ్చు. ఇలాంటి గడ్డినేలలూ పలచని పొదల నేలలూ దేశంలో సుమారు పదో వంతు ఉంటాయని, అందులో రక్షిత ప్రాంతాల లోపల ఉన్నది 5 శాతం కూడా లేదని ఈ మధ్య పటాలు గీసిన పరిశోధకులు తేల్చారు. అడవి నరికితే చప్పుడవుతుంది, అందరూ వింటారు. బీడును దున్నితే అదేదో అభివృద్ధిలా కనిపిస్తుంది. 2011 జనవరిలో సుప్రీంకోర్టు ఊరుమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని రాష్ట్రాలన్నిటినీ ఆదేశించింది. మా ఊరి బంచరాయి, అంటే పశువులు మేసే ఊరుమ్మడి బీడు, మాత్రం ఇప్పుడు నా జ్ఞాపకంలోనే ఉంది; ఈ తరం పిల్లలకు ఆ మాటే తెలియదు.

కలివికోడి గురించి పెద్దాయనను అడిగాను. 1840లలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన జెర్డాన్ దొర వల్ల 1848లో లోకానికి తెలిసిన పిట్ట అది. 1900 తర్వాత ఎవరికీ కనబడక అంతరించిందనుకుంటే, 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర మళ్లీ దొరికింది. దానికి కావలసింది దట్టమైన అడవి కాదు. పొదకూ పొదకూ మధ్య పరుగెత్తడానికి చోటున్న ముళ్లనేల. పొదలు మరీ చిక్కబడినా దానికి నష్టమే, మొత్తం కొట్టేసినా నష్టమే. పెద్దాయన శ్రద్ధగా విని, రాత్రిపూట తిరిగే పిట్ట అయితే తాను చూడలేదని, చితవ, కముజు, పూరేడు, పొలంక అయితే ఎక్కడెక్కడ ఉంటాయో చూపిస్తానని అన్నాడు. తోడేలు ఉందా అని బావ అడిగాడు. ఒకప్పుడు ఉండేదట, ఇప్పుడు ఊరికుక్కలు గుంపుగా వచ్చి గొర్రెపిల్లలను కరుస్తున్నాయని, తోడేలు ఆకలికి ఒకదాన్ని ఎత్తుకుపోయేదే కానీ ఇలా పదింటిని చీల్చి వదిలేసేది కాదని అన్నాడు.

ఐక్యరాజ్యసమితి ఈ 2026ను గడ్డిబీళ్ల, పశుపోషకుల సంవత్సరంగా ప్రకటించిందని చెబుదామనుకుని, ఎలా చెప్పాలో తెలియక ఊరుకున్నాను. ఇంతలో ఆయనే కొద్ది దూరంలో సున్నం పూసి పాతిన హద్దురాళ్లు చూపించి, "ఆ రాళ్లు మీయేనా నాయనా?" అని అడిగాడు. కాదన్నాం. మాది ఇంకా ముందు, పామూరు అవతల అని బావ చెప్పబోయి, సగంలో ఆపేశాడు.

ఆటో బాగుపడి మేము పామూరు చేరేసరికి నాలుగైంది. రెండు గంటలు రోడ్డు మీద నిలబెట్టినందుకు పది రూపాయలైనా తగ్గించకుండా రెండు వందలూ లెక్కపెట్టుకున్నాడు. భూమి చూపించాల్సిన మధ్యవర్తి చూసి చూసి వెళ్లిపోయాడట. పదిహేను రూపాయల టీ తాగుతూ బావ అతనికి ఫోను చేసి స్పీకరు పెట్టాడు. నేను సాక్సులోంచి గింజలు ఏరుకుంటూ వింటున్నాను.

"లొకేషన్ పంపిస్తాను, మీరే చూసుకోండి సార్. ఏ అడ్డమూ లేదు, గడ్డి తప్ప."

"గొర్రెలు మేపుతున్నారా అందులో?" అని అడిగాడు బావ.

"కంచె వేస్తే రావు సార్."

బావ ఫోను జేబులో పెట్టుకుని, కందుకూరు బస్సు ఎన్నింటికో కనుక్కు రమ్మని నన్ను పంపించాడు.