అన్‌రిలేటెడ్

పదకొండున్నర. ఆయన పడుకున్నారు. నాకు నిద్ర రావట్లేదు. కారణం ఒక్క మాట.

పొద్దున చిన్నోడు వాట్సాప్‌లో పెట్టాడు. "అత్తా, క్యాసెట్ మొత్తం డిజిటల్ చేసిన. నాయిస్ క్లీన్ చేసి అన్‌రిలేటెడ్ స్టఫ్ తీసేసిన. పదకొండు పాటలు. ఎంజాయ్." పక్కన రెండు గుండె బొమ్మలు. వాడి సంగతి తెలుసుగా, ఏది చేతికిచ్చినా బాగుచేసేదాకా వదలడు.

దసరాకి హన్మకొండ ఇల్లు ఖాళీ చేసినప్పుడు దొరికిందని రాశానే, ఆ సుప్రభాతం క్యాసెట్. పైన వెంకటేశ్వరస్వామి బొమ్మ, లోపల విప్లవ గీతాలు.

పదకొండు పాటలూ విన్నాను. శుభ్రంగా ఉన్నాయి. ఆస్పత్రి దుప్పట్లంత శుభ్రంగా. నాలుగో పాట రెండో చరణం దగ్గర చెవి రిక్కించి కూర్చున్నాను, "పాలు పొంగుతున్నయే పిల్లా!" అని నానమ్మ అరవాలి కదా. అరవలేదు. కోరస్ వచ్చింది, డప్పు వచ్చింది, పాట అయిపోయింది. మళ్లీ పెట్టాను. లేదు. ఈలోపు ఇక్కడ బెండకాయ మాడింది.

ఆ క్యాసెట్ ఎలా తయారైందో చిన్నోడికేం తెలుసు? నేరుగా ఎక్కించడానికి కేబుల్ లేదు, రెండు క్యాసెట్లు పట్టే డబుల్ డెక్ లేదు. రేడియో, క్యాసెట్ రెండూ ఉండే మా టూ-ఇన్-వన్ ఒకటి, ఎదురింటి వాళ్లని బతిమాలి తెచ్చింది ఇంకొకటి. రెండూ నడింట్లో ఎదురెదురుగా పెట్టి, ఒకటి పాడుతుంటే ఇంకొకటి వినేది. అందుకని ఇంట్లో అందరూ నోరు మూసుకోవాలి. గుమ్మం దగ్గర కాపలా నాది. కుక్కర్ పెట్టొద్దని అమ్మకి చెప్పాం గానీ పాల సంగతి ఎవరికీ తట్టలేదు. నానమ్మ అరుపు, ఆ వెంటనే నేను పరిగెత్తిన చప్పుడు, అన్న పళ్లు నూరుతూ "అబ్బా" అనడం, అన్నీ పడ్డాయి. మళ్లీ మొదలుపెట్టే టైం లేదు. తెచ్చిన క్యాసెట్ సాయంత్రానికి తిరిగివ్వాలి, దాని కోసం ఇంకో ముగ్గురు కాచుకుని ఉన్నారు.

అప్పటికే అది ఎన్నో చేతి కాపీయో. కాపీకి కాపీ తీస్తూ పోతే బుస్సుమనే చప్పుడు పెరుగుతుంది, సన్న చప్పుళ్లన్నీ చచ్చిపోతాయి. ముందు పోయేవి గజ్జెలు. డప్పు మాత్రం ఎంత అరిగినా పోదు. గద్దర్ అజ్ఞాతంలో ఉన్న రోజుల్లో, 1985 నుంచి 1990 దాకా, మనిషి కనబడలేదు గానీ గొంతు ఇలా చేతులు మారుతూ తిరుగుతూనే ఉంది. 1990 ఫిబ్రవరిలో నిజాం కాలేజీ గ్రౌండ్స్‌లో సభకి ఆయన వస్తున్నాడంటే అన్న ఇంట్లో చెప్పకుండా హైదరాబాద్ వెళ్లొచ్చాడు. నాలుగు రోజులు గొంతు లేదు. మా క్యాసెట్ ఆ మరుసటేడు చేసింది. గద్దర్‌వి నాలుగో ఐదో, వంగపండువి రెండు, మిగతావి ఎవరో కాలేజీ పిల్లలవి. ఆ పిల్లల పేర్లు ఎక్కడా లేవు. రాయకపోవడమే పద్ధతి అప్పుడు.

మధ్యాహ్నం చిన్నోడికి ఫోన్ చేస్తే వాడు నాకే పాఠం చెప్పాడు. ఇలాంటి వాటిని కంపైలేషన్ అంటారట. 1986లో లండన్‌లో ఎన్‌ఎంఈ అనే సంగీత వారపత్రిక 22 చిన్న బ్యాండ్ల పాటలు ఏరి సి86 అని క్యాసెట్ వేసిందట, ఇప్పటికీ జనం దాని పేరుతో ఒక తరహా సంగీతాన్నే పిలుస్తారట. "మీది కూడా అట్లాంటిదే అత్తా, అండర్‌గ్రౌండ్ మిక్స్." బాగానే ఉంది గానీ నాయనా, వాళ్ల అండర్‌గ్రౌండ్ పత్రికలో అచ్చయింది. మనవాళ్ల అండర్‌గ్రౌండ్ నిజంగా అండర్‌గ్రౌండే. వాళ్లు పేరు తెచ్చుకోవడానికి క్యాసెట్‌లోకి ఎక్కారు, వీళ్లు పేరు దాచుకుని ఎక్కారు. అని గట్టిగా అన్నాను. "ఓకే ఓకే, చిల్" అన్నాడు. ఆ చిల్ ఒకటి.

అన్నకి కూడా చేశాను. "ఏ క్యాసెట్టు?" అన్నాడు. ఇప్పుడు ప్లాట్లు అమ్ముతాడు కదా, ఎవరో కస్టమర్ లైన్లో ఉన్నారట.

చిన్నోడు తీసేసినవాటిలో నాకు ఎక్కువ మండింది నానమ్మ అరుపు గురించి కూడా కాదు. క్యాసెట్ మొదటి వైపు, అంటే ఏ సైడు, చివర ఉన్నది. అది సి-60, సైడుకి అరగంట. ఆరో పాట అయ్యేసరికి నాలుగు నిమిషాలు మిగిలింది. ఏడోది పెద్దది, సగంలో తెగుతుంది. తెగనివ్వనని అన్న రికార్డింగ్ ఆపేశాడు. దాంతో కింద ఉన్న పాత సుప్రభాతం చెరిగిపోకుండా ఆ నాలుగు నిమిషాలూ మిగిలిపోయింది. దొరల మీద పాట ముగుస్తుంది, టక్కుమని బటన్ చప్పుడు, వెంటనే మంగళాశాసనం. మాకు అలవాటైపోయి నవ్వు కూడా వచ్చేది కాదు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పాట వింటే నా చెవి తర్వాత గోవిందుడి కోసమే చూస్తుంది. అది అన్‌రిలేటెడా?

ఇంతవరకూ రాసి మంచినీళ్లు తాగొచ్చి చదువుకున్నాను. వాణ్ని తిట్టడం బాగానే ఉంది. మరి మేం చేసిందేమిటి?

ఆ సుప్రభాతం నానమ్మది. బాబాయి తిరుపతి నుంచి తెచ్చి ఇచ్చాడు. కొన్న క్యాసెట్లకి వెనక చిన్న పలకలు ముందే విరిచేసి ఉంటాయి, ఎవరూ చెరపకుండా. బ్లాంక్ క్యాసెట్‌కి డబ్బుల్లేక, అన్న ఆ బొక్కల్లో బస్సు టికెట్ మడిచి కుక్కి పైన ప్లాస్టర్ అంటించాడు. నేనే పట్టుకున్నాను. పొద్దున్నే నానమ్మ పెట్టుకుంటే ఏం వచ్చిందో ఊహించుకోండి. "రీలు చిక్కుకుంది నానమ్మా, షాపువాడు వేరేది వేసిచ్చాడు" అని చెప్పాం. అంత చెత్త అబద్ధం నా జన్మలో మళ్లీ చెప్పలేదు. ఆవిడ ఏమీ అనలేదు. ఆవిడ లెక్కలో ఆ పదకొండు పాటలే అన్‌రిలేటెడ్.

1992లో నక్సలైట్ల పార్టీ పీపుల్స్‌వార్ మీద నిషేధం వచ్చాక మా వీధిలో రెండిళ్లు సోదా చేశారు. ఆ రోజు అన్న ఇంట్లో లేడు. అమ్మ వణుకుతూ పుస్తకాలు బావిలో వేయాలా, పొయ్యిలో వేయాలా అని తిరుగుతోంది. నానమ్మ లేచి అన్న పెట్టెలోంచి ఆ ఒక్క క్యాసెట్ తీసుకుని దేవుడి గూట్లో, పటం వెనకాల కాదు, ముందు పెట్టింది. దాని మీద ఒక మందారం. "ఎవడన్న అడిగితే సుప్రభాతం అని చెప్పు. అబద్ధం గూడ గాదు, లోపల ఇంత మిగిలే ఉన్నది." మా ఇంటికి ఎవరూ రాలేదు. పువ్వు వాడిపోయేదాకా క్యాసెట్ అక్కడే ఉంది. అంటే ఆవిడ మొత్తం వింటూనే ఉంది, చివరిదాకా. ఎన్నిసార్లు విందో.

ఇంకో సంగతి ఒప్పుకోవాలి. ఆ కాలేజీ పిల్లల పాటలో నేను ఇన్నేళ్లూ ఏదో ఊరి పేరనుకుని పాడుకున్న మాట ఊరి పేరు కాదు. గొడ్డలి. చిన్నోడు క్లీన్ చేశాక గానీ తెలియలేదు. వంటింట్లో ముప్పై ఏళ్లు ఆ లేని ఊరి కోసం పాడాను.

అయినా కోపం పూర్తిగా పోలేదు. తీసేసినవాటిని "స్టఫ్" అన్నాడు కదా.

పదింటికి మెసేజ్ పెట్టాను, తీసేసింది పారేశావా అని. వెంటనే జవాబు. "లే అత్తా, ఎడిట్ చెయ్యని రా ఫైల్ ఉంది, ఏ సైడ్ పంపుతున్న, పెద్దగుంటది." వచ్చింది. ఇయర్‌ఫోన్స్ ఒక చెవికే పనిచేస్తున్నాయి, తీసేసి సౌండ్ తగ్గించి ఫోన్ దిండు పక్కన పెట్టి ఇది రాస్తున్నాను. బుస్సు ఉంది. పాలు పొంగాయి. నా పరుగు కూడా ఉంది, అంత బరువుగా పరిగెత్తేదాన్నా!

ఇప్పుడే ఆరో పాట అయింది. టక్. మంగళాశాసనం మొదలైంది.

ఆయన కళ్లు మూసుకునే లేచి కూర్చుని, "పాలవాడొచ్చాడా?" అన్నారు.

"ఇంకా రాలేదు, పడుకోండి" అన్నాను.