పదిహేను డిగ్రీల లోటు

మెట్ల మీద జారి పడితే మోకాలి చిప్ప రెండు ముక్కలైంది. ఆపరేషన్ చేసి వైరుతో బిగించారు. ఆరు వారాలకు బ్రేస్ తీసేసరికి తొడ సన్నబడిపోయింది, మోకాలు ఉబ్బి ఉంది. కాలు నాదేనా అనిపించింది.

మొదట చూసిన ఫిజియో కంటిచూపుతోనే "బాగానే వంగుతోంది" అనేవారు. నేనూ ఇంట్లో వంచడమే పనిగా పెట్టుకున్నాను. అయినా నడుస్తుంటే మోకాలు ఉన్నట్టుండి మడత పడేది. పడిపోతానేమోనని ఒకటే టెన్షన్.

తర్వాత వెళ్లిన చోట ఫిజియో మేడం గోనియోమీటర్ తీశారు. కోణమానినికి రెండు పొడుగాటి స్కేళ్లు తగిలించినట్టుంది. నన్ను పడుకోబెట్టి, దాని ఇరుసును మోకాలి బయటి పక్క ఆనించారు. ఒక స్కేలు తుంటి పక్క బుడిపె వైపు, రెండోది చీలమండ వైపు. వంపు 95 వచ్చింది. మామూలు మోకాలు 135 దాకా వంగుతుంది కదా, దాని గురించే ఏదో అంటారనుకున్నాను. రాసుకుని ఊరుకున్నారు.

"ఇప్పుడు మోకాలు తిన్నగా బిగించి కాలు పైకెత్తండి."

ఎత్తాను, నా లెక్కలో తిన్నగానే. స్కేళ్లు 15 డిగ్రీల వంపు చూపించాయి. "ఇక వదిలేయండి" అని మడమ కింద చెయ్యి పెట్టి ఆవిడే ఎత్తారు. సున్నా!

ఆవిడ ఎత్తితే పూర్తిగా చాపుకుంటోందంటే కీలు బిగుసుకోలేదు. నేనెత్తితే చాలట్లేదంటే తొడ ముందు కండరానికి బలం లేదు. దీన్ని ఎక్స్‌టెన్షన్ లాగ్ అంటారట. ఇన్నాళ్లూ రోగం ఒకటి, నేను చేసుకున్న వైద్యం ఒకటి.

మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టుకుని, దాన్ని అణచి ఐదు సెకన్లు బిగపట్టడం మొదలైంది. చూడ్డానికి ఏమీ లేదు, చేస్తే తొడ వణికేది. వారానికోసారి కొలత: అదే బల్ల, అదే భంగిమ, ఆవిడే. రెండో వారం 12 వచ్చిందని నేను మురిసిపోతే, "మూడు డిగ్రీలు నా చేతి తేడా కూడా కావచ్చు, ఆగండి" అన్నారు. కోపమొచ్చింది. ఆ మాట నిజమేనని తర్వాతి వారం మళ్లీ 14 చూశాక ఒప్పుకున్నాను.

ఐదో వారం 7. అప్పటికి మోకాలు మడత పడడం ఆగి నాలుగు రోజులైంది. ఆవిడకు చెప్పలేదు, ముందు కొలవనిచ్చాను.

లాగ్ ఇప్పుడు లేదు. వంపు 120 దగ్గర ఆగింది, గొంతుక్కూర్చోలేను. వచ్చే మంగళవారం మళ్లీ కొలుస్తారు.