ఎవరడిగినారు?

మొదటి కాన్పప్పుడు ఎనిమిదో నెలలో నా మెట్టెలు వేళ్లకు బిగుసుకుపోయాయి. సబ్బు రాసినా ఊడిరాలేదు. కాళ్లకు నీరు పట్టడం మామూలేనన్నారు ఇంట్లో. తలనొప్పి వస్తే కర్నూలు ఎండ అనుకున్నాను. ఒక రాత్రి కళ్ల ముందు మిణుగురులు తిరిగినట్టయి, పొట్ట పైభాగాన నొప్పి మొదలయ్యాక గానీ ఆసుపత్రికి వెళ్లలేదు. బీపీ 170/110. మూత్రంలో ప్రొటీన్ పోతోంది. ప్రీఎక్లాంప్సియా అన్నారు, అంటే కడుపుతో ఉన్నప్పుడు వచ్చే బీపీ జబ్బు. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ ఇచ్చారు. ఒళ్లంతా నిప్పులు పోసినట్టయింది, ఆ మంట ఇంకా గుర్తుంది. తెల్లారేలోపు ఆపరేషన్. పాప 1,700 గ్రాములు. పదహారు రోజులు బాక్సులో పెట్టారు.

రెండోసారి పన్నెండో వారంలోనే డాక్టరు దగ్గరికి వెళ్లాం. ఆమె మొదట అడిగింది ఒక్కటే: "మీ అమ్మకు కాన్పులో బీపీ వచ్చిందా?"

పక్కనే కూర్చున్న అమ్మ కాసేపు ఆలోచించింది. "ఈ పిల్ల పుట్టేటప్పుడు నాకు గుర్రపు వాతం, అదే ఫిట్స్, వచ్చిందంట మేడం. నాకు తెలివి లేదు, మా అమ్మ చెప్పింది."

నేను అమ్మ వైపు చూశాను. ఇన్నేళ్లలో ఎప్పుడూ చెప్పలేదేమంటే, "ఎవరడిగినారు?" అంది. నిజమే. పోయినసారి నన్నూ ఎవరూ అడగలేదు.

రెండు చేతులకూ బీపీ చూశారు. గర్భసంచికి వెళ్లే రక్తనాళాల్లో ప్రవాహాన్ని స్కానింగులో కొలిచారు. మాయ నుంచి వచ్చే పీఎల్‌జీఎఫ్ అనే ప్రొటీన్ ఎంతుందో చూడ్డానికి రక్తం బయటి ల్యాబ్‌కు పంపారు. అది తక్కువుంటే మాయ సరిగా ఎదగడం లేదని అనుమానమట. నా వయసు, బరువు, పాత కాన్పు, అమ్మ సంగతి అన్నీ కలిపి కంప్యూటరు లెక్క కడితే ఆ జబ్బు వచ్చే అవకాశం పన్నెండులో ఒకటి అని వచ్చింది. వందలో ఒకటి దాటితేనే రిస్క్ అంటారు.

"అయితే నాకు మళ్లీ వస్తుందా మేడం?"

"ఇది జాతకం కాదమ్మా. ముందే తెలిస్తే మాత్ర ఇవ్వచ్చు, అందుకే ఈ లెక్క."

ఆస్పిరిన్ 150, రోజూ రాత్రి పడుకునే ముందు, 36 వారాల దాకా. పదహారో వారం లోపే మొదలుపెట్టాలట. "గుండెజబ్బు మాత్ర కడుపుతో ఉన్న పిల్లకు ఏంటికి?" అని అత్త గొణిగింది. నాకూ లోపల భయమే. 2017లో వచ్చిన ఆస్ప్రే పరిశోధనలో ఇలాంటి రిస్క్ ఉన్నవాళ్లు ఈ మాత్ర వేసుకుంటే, 37 వారాల లోపే కాన్పు చేయాల్సి వచ్చే ప్రీఎక్లాంప్సియా 62 శాతం తగ్గిందని మా ఆయన ఫోన్లో చదివి వినిపించారు. అత్త ఆ శాతాలేవీ పట్టించుకోలేదు గానీ, రాత్రి నేను మర్చిపోతే మాత్రా నీళ్లూ తనే తెచ్చేది.

బీపీ మిషన్ కొన్నాం. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని, పొద్దునా సాయంత్రం చూసి నోటుబుక్కులో రాయాలి. 140/90 దాటితే ఫోన్ చేయాలి. ముప్పై అయిదో వారంలో ఒకసారి 142/92 చూపించింది. ఫోన్ చేసి, వెంటనే వెళ్లి చూపించుకున్నాం. అక్కడ 134/84, మూత్రంలో ఏమీ లేదు. అయినా ఆ రాత్రి టెన్షన్‌తో నిద్రపోలేదు. ముప్పై ఎనిమిదో వారంలో బాబు పుట్టాడు, 2,900 గ్రాములు. ఈసారి మెట్టెలు తీయాల్సిన పనే పడలేదు.

నేను బాలింతగా ఉన్నప్పుడు ఒక సాయంత్రం అత్త చెయ్యి చాపి, "నాకూ చూడు" అంది. 168/100. మిషన్ తప్పు చూపిస్తోందని వాదించి, మూడుసార్లు చూపించుకుంది. ఇప్పుడా నోటుబుక్కులో వెనక సగమంతా ఆమె అంకెలే.