జేఈ ఎలక్ట్రికల్ రాసేవాళ్లకి: టర్బైన్, జనరేటర్ కలిపి చదవండి

ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో జేఈ (జూనియర్ ఇంజనీర్) ఎలక్ట్రికల్ పరీక్షకి చదువుతున్న మన తెలుగు పిల్లల్లో ఒక అలవాటు చూస్తున్నాను. పవర్ జనరేషన్‌ని థియరీ కదా అని బట్టీ పడతారు, సింక్రనస్ మెషీన్స్‌ని (పవర్ స్టేషన్ జనరేటర్లు ఈ రకమే) కష్టమని చివరికి నెట్టేస్తారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పుస్తకాలు ఇంగ్లీషు, ఆ టెన్షన్ ఎలాగూ ఉంది. అందుకే ఈ రెండు చాప్టర్లూ కలిపి చదవమంటాను. నీళ్లు టర్బైన్‌ని తాకిన చోటు నుంచి కరెంటు ట్రాన్స్‌ఫార్మర్‌కి చేరేదాకా జరిగేదంతా ఒకటే కథ.

మనకి మాచ్‌ఖండ్ జలవిద్యుత్ కేంద్రం దగ్గరే. ఒడిశా, ఆంధ్ర ఉమ్మడి ప్రాజెక్టు, 1955లో మొదలైంది, ఆరు యూనిట్లు కలిపి 120 మెగావాట్లు. ఒక లెక్క వేసి చూడండి. సెకనుకి 10 ఘనపు మీటర్ల నీరు, 250 మీటర్ల హెడ్ (నీళ్లు పడే ఎత్తు), 85 శాతం ఎఫిషియెన్సీ అనుకుందాం. వీటన్నిటినీ కలిపి 9.81తో (గురుత్వ త్వరణం) గుణిస్తే దాదాపు 20,800 కిలోవాట్లు. మాచ్‌ఖండ్ యూనిట్ల సగటు సామర్థ్యం కూడా ఇంచుమించు అంతే. అంకెలు నేను ఊహించి తీసుకున్నవే, కానీ ఇలా చేస్తే ఫార్ములా మర్చిపోరు. టర్బైన్ రకాలంటారా, ఎక్కువ హెడ్‌కి పెల్టన్, మధ్యస్థానికి ఫ్రాన్సిస్, తక్కువకి కప్లాన్. అక్కడికి అది చాలు.

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడ. జనరేటర్‌లో తిరిగే భాగం రోటర్, కదలనిది స్టేటర్. రోటర్‌కి డీసీ ఇస్తే (దీన్నే ఎక్సైటేషన్ అంటారు) అది అయస్కాంతం అవుతుంది, తిరుగుతుంటే స్టేటర్ వైండింగ్‌లో వోల్టేజీ పుడుతుంది. 1831లో ఫారడే చూపించింది ఇదే. కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తోందని అడిగితే చాలామంది "అయస్కాంతం నుంచి" అంటారు. కాదు. లోడ్ లేనప్పుడు నష్టాలకి సరిపడా నీళ్లు వదిలితే చాలు, రోటర్ తిరుగుతూనే ఉంటుంది. లోడ్ పెట్టగానే స్టేటర్‌లో పారే కరెంటు తన సొంత అయస్కాంత క్షేత్రంతో రోటర్‌ని వెనక్కి లాగుతుంది. ఎద్దుబండిలో బస్తాలు వేసినట్టే. ఆ లాగుడుకి ఎదురుగా టర్బైన్ చేసే పనే కరెంటుగా బయటికొస్తుంది. లెంజ్ నియమం అంటే ఇదేనని మనసుకి పడితే టర్బైన్ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ కూడా అర్థమైపోతుంది: లోడ్ పెరిగింది, వేగం కాస్త తగ్గింది, గవర్నర్ నీళ్లు ఎక్కువ వదిలింది.

వేగానికీ పోల్స్‌కీ (రోటర్ మీది అయస్కాంత ధ్రువాలు) సంబంధం 120f/P, ఇందులో f ఫ్రీక్వెన్సీ, P పోల్స్ సంఖ్య. మన 50 హెర్ట్జ్‌కి 2 పోల్స్ ఉంటే 3000 ఆర్‌పీఎం, 16 పోల్స్ ఉంటే 375. హైడ్రో మెషీన్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి పోల్స్ ఎక్కువ, రోటర్ వెడల్పుగా, పొట్టిగా, పోల్స్ బయటికి పొడుచుకొచ్చిన సేలియంట్ పోల్ రకంగా ఉంటుంది. ఆవిరి టర్బైన్ 3000తో తిరిగితే ఆ రోటర్ బయటికొచ్చిన పోల్స్‌ని నిలబెట్టుకోలేదు, అపకేంద్ర బలం అంత ఎక్కువ. అందుకే అక్కడ సన్నగా, పొడవుగా ఉండే సిలిండ్రికల్ రోటర్. కారణం తెలిస్తే ఆప్షన్లు తారుమారు చేసి ఇచ్చినా తడబడరు.

ఇంకొక్కటి. పెద్ద గ్రిడ్‌కి కలిపిన ఆల్టర్నేటర్‌లో (ఏసీ జనరేటర్) టర్బైన్ ఇన్‌పుట్ మార్చకుండా ఎక్సైటేషన్ పెంచితే ఏమవుతుందని అడుగుతారు. మెగావాట్లు పెరగవు, వాటిని పెంచేది నీరో ఆవిరో. పెరిగేది గ్రిడ్‌కి ఇచ్చే రియాక్టివ్ పవర్ (పని చేయకుండా, అయస్కాంత క్షేత్రాల కోసం అటూ ఇటూ తిరిగే పవర్), మెషీన్ ల్యాగింగ్ పవర్ ఫ్యాక్టర్ (వోల్టేజీ కంటే కరెంటు వెనకబడడం) వైపు జరుగుతుంది. పాత పేపర్లు ముట్టుకునే ముందు గవర్నర్ ఏం మారుస్తుంది, ఎక్సైటేషన్ ఏం మారుస్తుంది అని ఒక కాగితం మీద బొమ్మతో గీసుకోండి, తర్వాత లెక్కలు చేయండి.