సైటుకంటే పెద్ద తలుపు

ఇవాళ ఇళ్ల ప్లాన్లు గీసే మా ఆఫీసులో, కంప్యూటర్లో 30 అడుగుల సైటుకి 76 అడుగుల తలుపు పెట్టాం. పెట్టింది కొత్తగా చేరిన కుర్రాడే, కానీ రాత్రి పదిన్నరకి కూర్చుని ఇది రాసుకుంటుంటే పెట్టించింది నేనేనేమో అనిపిస్తోంది.

పొద్దున్నే మొదలైంది. మద్దిలపాలెంలో బస్సు దిగి, ఆ ఉక్కపోతలో చెమట తుడుచుకుంటూ మెట్లెక్కేసరికి కుర్రాడు సిస్టమ్ ముందు బిక్కమొహం వేసుకుని ఉన్నాడు. పలాస దగ్గర ఊరు, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చేసొచ్చాడు, చేరి తొమ్మిది రోజులు. "మేడమ్, ఓపెన్ కొడితే ఏటీ రావట్లేదండి" అన్నాడు. నిజమే, ఫైళ్లు చూపించే బాక్స్ రాకుండా మేం ప్లాన్లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్, కింద ఆదేశాలు టైప్ చేసే కమాండ్ లైన్లో ఫైలు పేరు టైప్ చేయమంటోంది. శనివారం నేనే ఏదో పాత లిస్ప్ ప్రోగ్రాం నడిపి, విసుగొచ్చి మధ్యలో ఎస్కేప్ కొట్టి ఇంటికెళ్లిపోయాను. అది ఫైల్‌డయాని, అంటే ఆ బాక్స్ రావాలా వద్దా చెప్పే సెట్టింగ్‌ని, సున్నా చేసి అలాగే వదిలేసింది. ఫైల్‌డయా కొట్టి 1 ఇచ్చాను, బాక్స్ వచ్చేసింది. వాడు నన్ను మంత్రగత్తెని చూసినట్టు చూశాడు. శనివారం సంగతి చెప్పలేదు లెండి.

తర్వాత మధురవాడ ప్లాన్ వాడికి అప్పగించాను. 150 గజాలు, 30 బై 45, తూర్పు ఫేసింగ్. "కొత్త ఫైల్ తీసుకుని అంగుళాల్లో వెయ్యి" అని చెప్పి నా పనిలో పడిపోయాను. గంటన్నర తర్వాత టీ తాగుతూ వాడి స్క్రీన్ వైపు తొంగి చూస్తే, సైటు ఒక మూల అగ్గిపెట్టెలా ఉంది, దాని మీదుగా ఒక తలుపు రెక్క చాపంలా తెరుచుకుని రోడ్డు దాటి ఎటో పోతోంది. నాకు నవ్వొచ్చింది, వాడికి ఏడుపొచ్చేలా ఉంది.

అసలు జరిగిందేమిటంటే, కొత్త ఫైల్ అనగానే ఏ టెంప్లేట్, అంటే ముందే సెట్ చేసి ఉంచిన ఖాళీ ఫైలు, కావాలని అడుగుతుంది కదా, అందులో ఏక్యాడ్ అనేది అంగుళాలది, ఏక్యాడ్ ఐసో అనేది మిల్లీమీటర్లది. ఐటీఐలో మిల్లీమీటర్లలో వేయడం అలవాటు కాబట్టి ఐసో తీసుకున్నాడు. నేను అంగుళాలు అన్నాను కాబట్టి 30 అడుగులకి 360 అని కొట్టాడు. గీతకి గీత సరిగ్గానే ఉంది, కానీ ఫైలు దృష్టిలో అది 360 మిల్లీమీటర్ల సైటు, అంటే మూరెడు కూడా లేదు. మా ఆఫీసు తలుపు బ్లాకేమో (ఒకసారి గీసి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకునే బొమ్మ) అంగుళాల్లో చేసింది, 36 అంగుళాలు. దాన్ని తెచ్చి ఇందులో పెట్టగానే ఆటోక్యాడ్ తెలివిగా 25.4తో గుణించి 914.4 చేసింది. దాని లెక్కలో ఒక్క తప్పూ లేదు. గోడలో ఇటుకల్లా గీతలు నింపే హ్యాచ్ కూడా అంతే, గోడకి ఒక్క గీత కూడా పడనంత పెద్దగా వచ్చింది.

వాడు నన్ను అడగడానికి భయపడి, లోపలి గదుల తలుపుల్ని స్కేల్ కమాండ్‌తో 0.04 ఇచ్చి తగ్గించేశాడు, కంటికి సరిపోయాయి. నేను దూరం కొలిచే డిస్ట్ కమాండ్ పెట్టి కొలిస్తే 36.58 వచ్చింది. అర అంగుళం పైన తేడా! పైకి బాగానే కనిపించే ఇలాంటి తప్పంటేనే నాకు టెన్షన్, 76 అడుగుల తలుపైతే వాచ్‌మన్ కూడా పట్టుకుంటాడు. గట్టిగానే అరిచాను. వాడు తల దించుకునే, మెల్లగా, "ఏ టెంప్లేట్ తియ్యాలో మీరు చెప్పలేదు కదండి" అన్నాడు.

చెప్పలేదు. ఎందుకంటే నేను కొత్త ఫైల్ తీసి ఎన్నేళ్లయిందో నాకే గుర్తు లేదు. పాత ప్లాన్ ఒకటి తెరవడం, సేవ్ యాజ్ కొట్టడం, లోపలున్నదంతా చెరిపేసి మొదలుపెట్టడం, పద్నాలుగేళ్లుగా ఇదే. అందుకే మా ఫైళ్లలో ఎవరెవరివో లేయర్లు (గీతల్ని విడివిడిగా ఉంచే పొరలు), ఎక్కడా వాడని బ్లాకులు. ఒకసారైతే అనకాపల్లి ఆయన పేరున్న టైటిల్ బ్లాక్‌తోనే గోపాలపట్నం ఆయనకి ప్రింట్ ఇచ్చేశాను. ఆయన మర్యాదస్తుడు కాబట్టి "ఇల్లు నాదేనా అమ్మా" అని మాత్రం అడిగాడు.

యూనిట్స్‌లో, బయటి నుంచి తెచ్చే బ్లాకులు ఏ కొలతకి మారాలో చెప్పే ఇన్సర్షన్ స్కేల్‌ని అంగుళాలకి మార్చి, పెట్టిన తలుపులన్నీ తీసేసి మళ్లీ పెట్టించాను. ఈసారి 36కి 36.

మధ్యాహ్నం స్ట్రక్చరల్ ఇంజినీర్ ఆయన పంపిన ఫైలు తెరుచుకోలేదు, డ్రాయింగ్ ఫైల్ వాలిడ్ కాదంది. పాడైందనుకుని కుర్రాడు రికవర్ కొట్టబోతుంటే ఆపి, నోట్‌ప్యాడ్‌లో తెరిపించాను. చెత్తంతా వస్తుంది గానీ మొదటి ఆరు అక్షరాలు ఏసీ1032 అని ఉన్నాయి, అంటే 2018 ఫార్మాట్. మా ఆటోక్యాడ్ 2015ది, దానికి 2013 ఫార్మాట్ వరకే తెలుసు. ట్రూవ్యూ అనే సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది, అందులో పాత ఫార్మాట్‌కి మార్చుకున్నాం.

ఖాళీగా ఉన్నాడు కదా అని ఫోల్డర్లు శుభ్రం చేయమంటే సేవ్ కొట్టినప్పుడు అంతకుముందుదాన్ని ఆటోక్యాడ్ దాచిపెట్టే బ్యాక్ ఫైళ్లన్నీ ఎంచి డిలీట్ మీద వేలు పెట్టాడు. పరుగెత్తుకెళ్లి చెయ్యి పట్టుకున్నాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఆఫీసులోకి నీళ్లొచ్చాయి, కరెంటు రావడానికి రోజులు పట్టింది, వచ్చాక చూస్తే ఒక అపార్ట్‌మెంట్ డ్రాయింగ్ ఎంత రికవర్ చేసినా తెరుచుకోలేదు. దాని పక్కనే ఉన్న బ్యాక్ ఫైలు పేరు చివర మార్చి, డ్రాయింగ్ ఫైళ్లకుండే డిడబ్ల్యుజి చేస్తే తెరుచుకుంది. చివరి సేవ్‌కి ముందుది కాబట్టి మెట్ల గది ఒక్కటి మళ్లీ వేసుకున్నాను. అప్పట్నుంచి ఆ ఫైళ్ల జోలికి ఎవర్నీ పోనివ్వను.

ఐదింటికి ఇద్దరం కూర్చుని ఆఫీసుకంటూ ఒక టెంప్లేట్ చేశాం. అడుగులు అంగుళాలు, గోడకో లేయర్, తలుపుకో లేయర్, డైమెన్షన్లకి ఒకటి, పేరు ఖాళీగా ఉంచిన టైటిల్ బ్లాక్. డిడబ్ల్యుటిగా, అంటే టెంప్లేట్ ఫైలుగా, సేవ్ చేసి, ఆప్షన్స్‌లో క్యూన్యూకి దాన్నే ఇచ్చాం. ఇక కొత్త ఫైల్ బొమ్మ మీద నొక్కితే ఏమీ అడగకుండా అదే వస్తుంది. నలభై నిమిషాల పని. పద్నాలుగేళ్లు పట్టింది నాకు. కుర్రాడు ఉత్సాహంగా నాలుగుసార్లు తెరిచి మూసి చూశాడు. "ఇప్పుడు బావుందక్కా" అన్నాడు, మేడమ్ ఎప్పుడు పోయిందో నేనూ గమనించలేదు.

కూర్మన్నపాలెం బస్సులో సీటు దొరికింది, ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేదాకా హాయిగా కళ్లు మూసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, టెంప్లేట్‌లో ఉత్తర దిక్కు చూపించే గుర్తు పెట్టలేదు. మధురవాడ ఆయన రేపు వాస్తు పంతులుగారిని వెంటబెట్టుకుని వస్తానన్నారు.