గుండె డాక్టరు దొరికేదాకా

నాకొచ్చింది గుండెపోటని మొదట ఎవరూ అనుకోలేదు. నాకు 49 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది, ఇంట్లో బట్టలు కుడతాను. ఎడమ భుజం లాగుతుంటే మిషన్ వల్ల అన్నారు. దవడ నొప్పి అంటే పన్ను చూపించుకోమన్నారు. గుండెల్లో మంటకు ఊళ్లో ఆర్‌ఎంపీ గ్యాస్ మాత్ర ఇచ్చాడు. షుగర్ ఉన్న ఆడవాళ్లకు ఛాతీలో గట్టి నొప్పి లేకుండా కూడా పోటు వస్తుందని, ఆయాసం, చెమట, దవడ నొప్పి, విపరీతమైన నీరసమే దాని గుర్తులు కావచ్చని తర్వాత డాక్టర్లు చెబితే తెలిసింది. తెల్లవారుజామున ఒళ్లంతా చెమటలు పట్టి నిలబడలేకపోయేసరికి మా తమ్ముడు కారు మాట్లాడి నల్గొండ ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఈసీజీ చూశాక డ్యూటీ డాక్టరమ్మ మాటలతో టైం వృథా చేయలేదు. యాస్పిరిన్ మాత్రలు నమలమంది, రక్తం గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇచ్చింది. బయట కొనాలంటే వేల రూపాయలయ్యే ఆ మందుకు మా దగ్గర ఒక్క రూపాయి తీసుకోలేదు. కాసేపటికి నొప్పి తగ్గింది. ఇక ఇంటికి పోవచ్చు కదా అని మా ఆయన అడిగితే ఆమె ఒప్పుకోలేదు. "గడ్డ కరిగింది గానీ రక్తనాళం లోపల పూడిక అట్లనే ఉంటదయ్యా. 24 గంటల్లోపు యాంజియోగ్రామ్, అంటే ఆ పూడిక ఎక్కడుందో చూసే పరీక్ష చేయించాలి. అది చేసే క్యాత్‌ల్యాబ్ ఉన్న చోటికి తీసుకుపోండి" అంది.

మాకు తెల్లకార్డు ఉంది. ఆ కార్డు ఉన్నవాళ్లకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం 2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలై తర్వాత ఉమ్మడి రాష్ట్రమంతా వచ్చింది. మా మామయ్యకు కిడ్నీలో రాళ్లు దాంట్లోనే తీశారు. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల దాకా పెంచారు కూడా. అందుకే డబ్బు గురించి మాకు టెన్షన్ లేదు. అసలు కష్టం ఆ కార్డును ఒప్పుకునే గుండె డాక్టరును పట్టుకోవడంలో వచ్చింది.

తమ్ముడు వరండాలో నిలబడి ఫోన్లు మొదలుపెట్టాడు. బయట ఆరోగ్యశ్రీ బోర్డు ఉన్న ఒక ఆసుపత్రి వాళ్లు తమ దగ్గర ఆ కార్డు మీద ఎముకల ఆపరేషన్లు, డెలివరీలు మాత్రమే చేస్తామన్నారు. ఇంకోచోట గుండె డాక్టరూ ఉన్నాడు, క్యాత్‌ల్యాబూ ఉంది. "బిల్లులు పెండింగ్ ఉన్నాయి, ప్రస్తుతం కార్డు కేసులు తీసుకోవట్లేదు. క్యాష్ అయితే వెంటనే తీసుకురండి" అన్నారు. మరోచోట కార్డు తీసుకుంటామంటూనే అప్రూవల్ వచ్చేదాకా లక్షన్నర డిపాజిట్ కట్టమన్నారు. అప్రూవల్ వస్తే తిరిగిస్తారా అని అడిగితే సరిగా జవాబు చెప్పలేదు. పూడిన నాళాన్ని తెరిచి ఉంచడానికి వేసే గొట్టాన్ని స్టెంట్ అంటారు. కేంద్రం 2017 ఫిబ్రవరిలో మందు పూత ఉన్న స్టెంట్ ధరకు 29,600 రూపాయల పరిమితి పెట్టింది. బిల్లులో స్టెంట్ ఒక్కటే ఉండదని నాకూ తెలుసు. అయినా స్ట్రెచర్ మీద మనిషి ఉన్నప్పుడు అడిగే లక్షన్నరకు లెక్క చెప్పాలి కదా.

బకాయిల గురించి ఆసుపత్రుల బాధ నిజమే. ప్రభుత్వం నెలల తరబడి డబ్బు ఇవ్వకపోతే చిన్న ఆసుపత్రి జీతాలు ఎలా ఇస్తుంది? సేవలు ఆపేస్తామని వాళ్లు ప్రకటించడం, చర్చలు జరగడం, మళ్లీ మొదలుపెట్టడం అందరం పేపర్లో చదువుతూనే ఉన్నాం. కానీ ఆ గొడవ తేలేదాకా ఆగే ఓపిక గుండెకు ఉండదు. సేవలు ఆపినప్పుడు అత్యవసర కేసులనైనా వదిలిపెట్టకూడదని నేను గట్టిగా అంటాను.

మరదలు తన గాజులు తీసి తమ్ముడి చేతిలో పెట్టింది. కుదవ పెట్టడానికి అతను బయల్దేరుతుంటే ఒక నర్సమ్మ ఆపి, ఆరోగ్యమిత్ర దగ్గరికి పోయారా అని అడిగింది. ఆరోగ్యశ్రీ రోగులకు దారి చూపించే అలాంటి మనిషి ఆసుపత్రిలోనే కూర్చుంటాడని మాకెవరికీ తెలియదు. 25 ఏళ్లు కూడా ఉండవు ఆ అబ్బాయికి. కార్డు, ఆధార్ చూశాడు. రెండింట్లో నా పేరు వేరువేరుగా ఉంది, ఒకదాంట్లో పుట్టింటి ఇంటిపేరు, ఇంకోదాంట్లో అత్తగారింటిది. మా ఆయన కంగారుపడితే, "అది తర్వాత చూసుకుందాం పెద్దనాన్నా, ముందు అమ్మను పంపించాలె" అన్నాడు. తర్వాత తమ్ముడికి అర్థమయ్యేలా చెప్పాడు. ఆసుపత్రి పథకంలో ఉండటం వేరు, గుండె వైద్యానికి పథకంలో ఉండటం వేరు. ఒక్కో విభాగానికి విడిగా గుర్తింపు ఇస్తారు. అందుకని ఫోన్ చేసినప్పుడు "ఆరోగ్యశ్రీ ఉందా" అని అడిగితే సరిపోదు. "కార్డియాలజీకి ఉందా, ఈ రోజు స్టెంట్ కేసు తీసుకుంటున్నారా, బెడ్ ఉందా" అని అడగాలి. ఫోన్ ఎత్తిన రిసెప్షన్ వాళ్లను కాకుండా ఆ ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను ఇవ్వమనాలి. ఎవరూ దొరక్కపోతే 104కు చేయాలి. ప్రాణం మీదికొచ్చిన కేసైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకుని వైద్యం మొదలుపెట్టే పద్ధతి ఉంది, కాగితాలు తర్వాత పంపుకోవచ్చు.

ఆ అబ్బాయే హైదరాబాద్ నిమ్స్‌లో ఉన్న మిత్రతో మాట్లాడాడు. బెడ్ ఖాయమని తెలిశాక మమ్మల్ని 108లో ఎక్కించారు. నార్కట్‌పల్లి దగ్గర హైవే ఎక్కేదాకా కుదుపులు, ఆ తర్వాత ఎల్బీనగర్ ట్రాఫిక్. నేను మానిటర్ వైపు చూడకుండా కళ్లు మూసుకుని పడుకున్నాను. పంజాగుట్ట చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

యాంజియోగ్రామ్ అంటే ఛాతీ కోస్తారనుకునేవాళ్లు మా ఊళ్లో ఇప్పటికీ ఉన్నారు. కుడిచేతి మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి సన్నటి గొట్టం పంపారు. నేను మెలకువగానే ఉన్నాను. మందు ఎక్కినప్పుడు ఒళ్లంతా వేడి పాకింది. తెరమీద నా గుండె నాళాలు ఎండాకాలం చెట్టు కొమ్మల్లా కనిపించాయి. ముందు భాగానికి రక్తం ఇచ్చే పెద్ద నాళంలో 90 శాతం పూడిక ఉందన్నారు. అనుమతి తీసుకున్నారు, స్టెంట్ వేశారు. మేం కట్టింది ఏమీ లేదు. తోడు వచ్చినవాళ్ల తిండికి, బస్సు చార్జీలకు అయిందే ఖర్చు.

ఇంటికొచ్చాక కొన్నాళ్లు నాకు నిద్ర పట్టలేదు. చిన్న చురుకు వచ్చినా మళ్లీ అదేనేమో అనిపించేది. ఎకో అనే గుండె స్కాన్‌లో పంపింగ్ 40 శాతమే ఉందన్న మాట చెవిలో మోగుతుండేది. డాక్టర్ చెప్పినట్టే ముందు వాకిట్లో, తర్వాత వీధి చివరిదాకా నడిచాను. ఈ మధ్య చేసిన ఎకోలో అది 52 శాతానికి వచ్చింది. మిషన్ తొక్కొచ్చన్నారు, నీళ్ల బిందెలు మాత్రం ఎత్తొద్దన్నారు.

ఈ మధ్యలో పన్ను నిజంగానే పాడైంది. పీకాలంటే రక్తం పలచబడే మాత్రలు వారం ఆపమని పళ్ల డాక్టరు దగ్గర చెప్పారు. నేను ఆపకుండా నిమ్స్‌లో అడిగాను. స్టెంట్ వేసిన ఏడాదిలోపు వాటిని సొంతంగా ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టే ప్రమాదం ఉందని, మాత్రలు వేసుకుంటూనే పన్ను తీయించుకోవచ్చని చెప్పారు. అలాగే తీయించుకున్నాను. కాస్త ఎక్కువసేపు దూది నొక్కిపెట్టాల్సి వచ్చింది, అంతే.

స్టెంట్ కేసులకు తర్వాతి చెకప్‌లు, మందులు కూడా పథకంలో ఉన్నాయి. కానీ అవి వైద్యం చేసిన ఆసుపత్రిలోనే తీసుకోవాలి. నల్గొండలో ప్రైవేటు గుండె డాక్టరుకు ఊరికే చూపించుకుంటే కార్డు పనిచేయదు, ఫీజు కట్టాల్సిందే. అందుకే చెకప్ ఉన్నరోజు తెల్లవారకముందే బస్సెక్కుతాను. షుగర్ మాత్రలు మా పీహెచ్‌సీలోనే ఇస్తున్నారు. ఏడాది దాటాక గుండె మాత్రలకు జన ఔషధి షాపు చూసిపెట్టుకున్నాను.

మొన్న కలెక్టరేట్‌లో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణికి వెళ్లి ఒక అర్జీ ఇచ్చాను. ప్రతి ఆసుపత్రి గేటు దగ్గర ఆరోగ్యశ్రీ బోర్డు మీద ఏయే జబ్బులకు కార్డు తీసుకుంటారో, అక్కడి ఆరోగ్యమిత్ర ఫోన్ నంబరు ఏమిటో పెద్ద అక్షరాలతో రాయించమని అడిగాను. రశీదు ఇచ్చారు. జవాబు రాకపోతే మళ్లీ వెళ్తాను.